హిమా సూత్రం – కోరింగ మడ అడవులు

ప్రకృతి సంపదను కాపాడటమంటే మనుషులను దాని దరిదాపులకు రానీయకపోవడమేనా? లేక, దానిమీద ఆధారపడి బతికేవారికి ఆ రక్షణలో బాధ్యతనూ హక్కునూ అప్పగించడమా? గోదావరి డెల్టాలో 1990 దశకం నుండి జరిగిన ఒక ప్రయత్నం ఈ ప్రశ్నకు సమాధానం చూపుతుంది.

సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా, భీమేశ్వరాలయం ఉన్న ద్రాక్షారామం డెల్టాలోని ప్రాచీన గ్రామం. దాని చుట్టూ వరిచేలు, ధవళేశ్వరం నుండి వచ్చే కాలువలు. అక్కడి నుండి తూర్పుగా వెళితే, గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరింగ మడ అడవి ఉంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల వంటి చెట్లు ఆటుపోట్ల ఉప్పునీటిలోనే పెరుగుతాయి. వాటి వేళ్లమధ్య రొయ్యపిల్లలు, చేపపిల్లలు, పీతలు ఎదుగుతాయి. తుఫానులో ఎగసివచ్చే అల బలాన్ని ఈ చెట్లు తగ్గిస్తాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, అందులోని కర్బనాన్ని తమ కాండంలోనే గాక అడుగునున్న బురదలో కూడా చిరకాలం నిలువ చేస్తాయి. భూమి వేడెక్కుతూ సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో డెల్టాకు ఇంతటి రక్షణ మరొకటి అరుదు.

1978లో ఇక్కడ అభయారణ్యం ఏర్పడింది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన పోయిన అడవి తిరిగి రాదు. గతంలో వంటచెరకుకూ కలపకూ చెట్లు నరికినచోట నేల ఎండి కుంగి, పళ్లెంలా మారింది. పోటు సమయంలో వచ్చిన నీరు అందులో నిలిచి ఆవిరి కాగా, మిగిలిన ఉప్పు నానాటికీ పేరుకుపోయింది. ఆ నేలలో విత్తనం పడినా మొలకెత్తదు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఈ తీరంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆ దశకం చివరలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, రాష్ట్ర అటవీశాఖ తీరగ్రామాల ప్రజలతో కలిసి పునరుద్ధరణ చేపట్టాయి. గ్రామాలలో సమితులు ఏర్పడ్డాయి. వాటిలో స్త్రీలకు కూడా సభ్యత్వం లభించింది. సహజమైన పాయ నుండి ఏటవాలుగా పెద్ద కాలువ, దానికి ఇరుపక్కల చిన్న కాలువలు, చేపముల్లు ఆకారంలో తవ్వారు. పోటునీరు లోపలికి వచ్చి, పాటుతో తిరిగి వెళ్లసాగింది. నేలలోని ఉప్పు తగ్గింది. అప్పుడు నాటిన మడమొక్కలు నిలదొక్కుకున్నాయి. కాలువలలో చేపలు, పీతలు కూడా చేరాయి.

ఈ పద్ధతిని పరిశీలించినప్పుడు ఇస్లామీయ చరిత్రలోని 'హిమా' గుర్తుకు రాక మానదు. హిమా అంటే కాపాడబడిన భూమి. ఇస్లాముకు పూర్వం అరబ్బు నాయకులు మంచి పచ్చికబయళ్లను తమ పశువుల కొరకే ప్రత్యేకించుకునేవారు. దైవప్రవక్త (స) ఆ స్వార్థపు పద్ధతిని రద్దుచేసి, ప్రజాప్రయోజనం కొరకు మాత్రమే హిమాను అనుమతించారు. మదీనా సమీపంలోని నఖీను ఆ విధంగానే కేటాయించారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) తమ హిమాకు హునై అనే వ్యక్తిని పర్యవేక్షకునిగా నియమిస్తూ, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని లోనికి రానివ్వమనీ, సంపన్నుల మందలను మాత్రం ఆపమనీ ఆదేశించారు. సంపన్నుల పశువులు పోయినా వారికి తోటలు, పొలాలు మిగిలి ఉంటాయి. పేదవానికి ఆ కొద్ది పశువులే సర్వస్వం. అంటే హిమా ఉద్దేశం పేదను వెళ్లగొట్టడం కాదు. బలవంతుని అత్యాశకు హద్దు గీయడం. ఈ సంప్రదాయాన్నే లెబనాన్‌లో 2004 నుండి గ్రామసమాజాల సహకారంతో పునరుద్ధరిస్తున్నారు.

ఈ కొలమానంతో చూస్తే డెల్టా ముందున్న ప్రమాదం స్పష్టమవుతుంది. వంటచెరకు కొరకు వచ్చే స్త్రీని ఆపడం సులభం. కాని విస్తరించే పట్టణాన్ని ఆపడం కష్టం. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద ఇళ్లస్థలాల కొరకు మడచెట్లను తొలగించగా, ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. ఇల్లులేని పేదకు ఇల్లు అవసరమే. కాని తుఫానును అడ్డుకునే చెట్టును తీసివేసి, ఆ చోటనే అతనికి ఇల్లు చూపడం అతనికి మేలు కాదు. ఎగువన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతున్నందున, డెల్టా అంచు కోతకు గురికావడం మరొక సమస్య.

గ్రామసమితులు ఒక్కటే వీటన్నిటినీ పరిష్కరించలేవు. అయినా తవ్విన కాలువ బురదతో పూడిపోతూనే ఉంటుంది. దానిని మళ్లీ మళ్లీ తీయవలసిందే. ఆ పనికి ఊరివారు ముందుకు రావాలంటే, అడవి తమకు అప్పగించబడిన అమానతు అన్న భావనతోబాటు, దాని ఫలితంలో తమకూ న్యాయమైన వాటా ఉన్నదన్న నమ్మకం వారికి కలగాలి.