మోటారుబండి తుప్పును, దానికి తగిన తొలిపూతయును

రెండేండ్లక్రిందట వేసవి సెలవులలో మా పాఠశాల వ్యాను తలుపుల యడుగున తుప్పు కనబడెను. చేతిపనుల తరగతి చూచు మేము, పెద్ద బాలురు కొందరిని తోడు చేసికొని, దానిని పైపైని ఉప్పుకాగితముతో రుద్ది, అంగడిలో మొదట చేతికందిన యెఱ్ఱ ప్రైమరు పూసి, మీద నీలిరంగు వేసితిమి. బండి పెండ్లికొడుకువలె నుండెను. బడి తెరచిననాడు తల్లిదండ్రులు మెచ్చుకొనిరి గూడ. శ్రావణము దాటకమునుపే ఆ నీలిరంగు బుడగలు కట్టినది. వ్రేలితో నొక్కగా పెచ్చులూడి గోధుమరంగు పొడి రాలినది. అనుమానముతో లోపలి రబ్బరుచాప నెత్తి చూచితిమి. చిన్నపిల్లలు కూర్చుండు బల్లక్రింద రూపాయి బిళ్ళంత చిల్లిగుండ రోడ్డు కనబడుచుండెను! ఆ తరువాత మేము నేర్చుకొనిన దానిని ఇచట వ్రాయుచున్నాము.

తుప్పనగా మురికి కాదు. గాలిలోని ఆమ్లజనితోను, నీటితోను కూడి రూపుమారిన ఇనుమే. ఉప్పు కలిసిన తేమ విద్యుత్తును సులభముగా సాగనిచ్చును గావున, సముద్రపుగాలి సోకు మావంటి యూళ్లలో ఈ మార్పు మరింత వేగముగా జరుగును. అల్యూమినియమును ఆమ్లజనితో కూడును గాని, అందు పుట్టిన పలుచని పొర లోహము నంటిపెట్టుకొని దానిని కాపాడును. ఇనుప తుప్పునకు ఆ గుణము లేదు. అది గుల్లగా నుండి నీటిని పట్టియుంచును. తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. మా నీలిరంగును బుడగలుగా పైకెత్తినది అదియే. తుప్పుమీద రంగు వేయుట తడిగుడ్డను పెట్టెలో పెట్టి తాళము వేయుటవంటిది.

కావున మొదటి పని గీకుట. బండిని కడిగి, ఆరనిచ్చి, చమురు జిడ్డును తిన్నరుతో తుడువవలెను. పిమ్మట తుప్పు కనబడినంత మేరనే గాక, చుట్టును రెండు మూడంగుళముల దూరము రంగును తొలగించవలెను; ఏలయన రంగు క్రింద తుప్పు కంటికి గనబడకయే ప్రాకియుండును. తీగబ్రష్షుతోను, 80 నంబరు కాగితముతోను మెఱయు లోహము వచ్చువఱకు రుద్దవలెను. గుంటలలో మిగిలిన నల్లని చుక్కలకు ఫాస్ఫారికామ్లము కలిసిన ద్రవమును పూయుదురు. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చును. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుప స్తంభము సుమారు 1600 ఏండ్లు ఎండవానలకు నిలిచియుండుటకు, ఆ యినుమునందలి భాస్వరముచే నేర్పడిన యిట్టి పొరయే ముఖ్య కారణమని లోహశాస్త్రజ్ఞులు చెప్పుదురు. టానిను కలిసిన ద్రవములును కలవు. అవి పూయగానే తుప్పు నల్లబడును. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి మన పెద్దలు సిరా చేసికొనినది ఈ గుణముచేతనే. కాని యీ ద్రవములు చేయి చొరని మూలలకే గాని, గీకుటకు బదులుగా పనికిరావని మా యభిప్రాయము. పని ముగిసిన పిదప డబ్బామీద చెప్పినట్లు కడిగి, బాగుగా ఆరనిచ్చి, ఆనాడే ప్రైమరు వేయవలెను. ఒక్క రాత్రి ఆగినను మా తీరమున లోహము మరల ఎఱ్ఱబారును.

ఇక ప్రైమరు సంగతి. మేము మోసపోయినది ఇచటనే. ఎఱ్ఱనిదెల్ల తుప్పును మాన్పునని మా నమ్మకము. పూర్వము వాడిన సింధూరపు పూత నిజముగా తుప్పు నరికట్టెడిది గాని, అది సీసము, పిల్లలకు విషము. నేటి రెడ్ ఆక్సైడు ప్రైమరున ఉన్న యెఱుపు ఇనుప ఆక్సైడే, అనగా తుప్పునకు దాయాది! అది కిటికీ చువ్వలకు, గేట్లకు చాలును. బండి రేకునకు బలహీనము. రేకుపై జింకుపూత యున్నచో, నూనెరకపు ప్రైమరు ఆ జింకుతో కలిసి సబ్బువలె మారి యూడిపోవును.

ఆమ్లము కలిసిన ఎచ్ ప్రైమరు లోహమును కొరికి పట్టుకొనును. అల్యూమినియమునకు, జింకు రేకునకు మంచిది. అయినను పలుచనిది, తానొక్కటే నీటి నాపజాలదు. దానిపై నేరుగా లప్పము గాని ఎపాక్సీ గాని వేసినచో సరిగా గట్టిపడవు. రెండు డబ్బాలు కలిపి వాడు ఎపాక్సీ ప్రైమరు నీటిని అన్నిటికంటె బాగుగా ఆపును. దానిమీద లప్పమును పెట్టవచ్చును. మేము రెండవసారి వాడినది ఇదియే. జింకు ప్రైమరు తాను కరగుచు ఇనుమును కాచును. కాని అది శుద్ధ లోహమును తాకినప్పుడే పనిచేయును. కావున వేరొక పూతపై దానిని వేయుట డబ్బు దండుగ. బూడిదరంగు సర్ఫేసరు గీతలను పూడ్చుటకే. అది నీటిని పీల్చును. దానితోనే బండిని నెలల తరబడి వానలో నిలుపువారిని చూచితిమి!

గీకునపుడు ముక్కునకు మాస్కు, కండ్లకద్దములు, చేతులకు తొడుగులు తప్పవు. గట్టిపఱచు ద్రవము కలిపి చిమ్ము రంగులను బాలురచే చేయింపరాదు. అందలి ఐసోసయనేటు ఉబ్బసము తెప్పించును.

నేల చిల్లి మా చేతిపని కాదు. చూపిన మొదటి షెడ్డులో, గాజుగుడ్డ యంటించి లప్పము పెట్టెదమనియు, "పైన చాప వేసెదరు గదా, కనబడదండీ" యనియు చెప్పిరి. కనబడకపోవుటయే మా భయము గనుక తిరిగి వచ్చితిమి. రెండవచోట కుళ్ళిన రేకును గట్టి యినుము వచ్చువఱకు కోసి, కొత్తరేకు వెల్డింగు చేసి, రెండు ప్రక్కలను పూత వేసిరి. పాతబండి కొనదలచిన తల్లిదండ్రులు గుడ్డ చుట్టిన అయస్కాంతమును తలుపుల యడుగున, చక్రముల పైవంపున ఆనించి చూడవలెను. ఇనుప రేకైనచో పట్టుకొనును. లప్పము దట్టముగానున్నచోట జారిపడును.

తలుపుల యడుగున నీరు కారిపోవుటకు సన్నని రంధ్రములుండును. మా బండిలో అవి మట్టితో పూడియుండెను. నీరు లోపలనే నిలిచి రేకును లోనుండి తినినది. ఇప్పుడు నెలకొకసారి తీగతో వానిని శుభ్రము చేయుచున్నాము. ఈ వ్యాసము అచ్చున కిచ్చునాటికి రెండవ వర్షకాలము నడచుచున్నది. నేల గట్టిగానున్నది. ఎడమ తలుపు మూలను మాత్రము కందిగింజంత బుడగ యొకటి లేచినది. వచ్చు శనివారము దానిని గీకెదము.