ప్రేగుపూతతో జీవించువారు: స్వయముగా వహింపవలసిన జాగ్రత్తలు

రక్తముతో కూడిన విరేచనములు వారముల తరబడి సాగినను, మూలశంకయనియో, అమీబాయనియో, వేడిచేసినదనియో పేరు పెట్టి ఊరకుండుట మనలో పరిపాటి. గ్రహణి యను ప్రాచీననామము కూడ ఇట్టి దీర్ఘవ్యాధులు పెక్కింటికి ఉమ్మడిగా వాడబడుచున్నది. వీనిలో నొకటి పెద్దప్రేగు లోపలిపొర వాచి, పుండ్లుపడి, రక్తము స్రవించు వ్యాధి. దీనికి అల్సరేటివ్ కొలైటిస్ అని పేరు. 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ వర్ణించిన క్రోన్స్ వ్యాధి దీనికి దాయాది. అది తరచుగా చిన్నప్రేగు కడభాగమును పట్టును; ప్రేగుల క్షయయని పొరబడుటకు మన దేశమున మిక్కిలి అవకాశము కలదు. కావున కొలనోస్కోపీ, కండముక్క పరీక్ష మున్నగువానితో వ్యాధినిర్ణయము జరుగవలెను గాని ఊహతో కాదు.

ఇవి అంటువ్యాధులు కావు. రోగి కంచమును వేరుచేయుట అజ్ఞానము.

వ్యాధి కొంతకాలము ఉద్రేకించి, కొంతకాలము అణగియుండును. అణగిన దినములలోనే పెక్కుమంది చెడుచున్నారు. విరేచనములు కట్టినవి గదా యని మెసలమిన్ మాత్రలు మానివేయుదురు. కొన్ని నెలలకు రక్తము మరల కనబడును. ఉపశమనమును నిలుపుటకే ఆ మాత్రలు. స్టెరాయిడుల సంగతి వేరు: అవి ఉద్రేకమును అణచుటకే గాని ఏండ్ల తరబడి మ్రింగుటకు కావు, ఎముకలను గుల్లచేయును, అయినను వానిని ఒక్కుమ్మడి మానుట అపాయకరము. వైద్యుడు చెప్పిన క్రమముననే తగ్గింపవలెను.

ఆక్స్‌ఫర్డు వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో ఈ వ్యాధికి కార్టిజోన్ చికిత్సను పరీక్షించి ప్రకటించిరి. ఆ సందర్భమున వారేర్పరచిన కొలత నేటికిని వాడుకలో నున్నది. దినమునకు 6 లేక అంతకు మించి రక్తవిరేచనములగుచు, జ్వరము 37.8 డిగ్రీల సెల్సియస్‌ను గాని, నాడి నిమిషమునకు 90ని గాని మించినచో అది తీవ్రదశ. అప్పుడు ఆలసింపక ఆస్పత్రిలో చేరవలెను. దీనిని తెలిసికొనుటకు ఇంట గడియారము, జ్వరమానిని చాలును. అట్టి స్థితిలో విరేచనములు కట్టు మాత్రలు సొంతముగ మ్రింగరాదు. ప్రేగు ఉబ్బి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఒక చిన్న పుస్తకమున దినదినమును విరేచనముల సంఖ్య, రక్తము, జ్వరము, బరువు వ్రాసికొనుట మేలు. మలవిషయమును పరుల యెదుట, అందునను ఇంటిభాష కాని తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో చెప్పుటకు మన స్త్రీలు, వృద్ధులు సంకోచింతురు. పుస్తకమును వైద్యుని చేతికిచ్చిన చాలును.

వ్యాధిని మాన్పు పథ్యమేదియు లేదు. ఉద్రేకదశలో మెత్తని అన్నము, వడగట్టిన గంజి, ఓ.ఆర్.ఎస్. నీరు హితవు, మజ్జిగ సరిపడినవారు త్రాగవచ్చును. రాగిసంకటి, సజ్జ అంబలి, జొన్నరొట్టె మనవారికి ఎంత ప్రియమైనను, పీచు హెచ్చుగాన అప్పుడు మానుట మంచిది. వ్యాధి అణగిన పిమ్మట క్రమముగ మరల భుజింపవచ్చును; ప్రేగు ఇరుకైన క్రోన్స్ రోగులు మాత్రము వైద్యునడుగవలెను. జీవితాంతము చప్పిడికూడు తిని చిక్కిపోవుట చికిత్స కాదు. కీళ్లనొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతముగ వాడరాదు. క్రోన్స్ రోగులకు పొగత్రాగుట విషతుల్యము.

సల్ఫసలజిన్ వాడువారికి ఫోలిక్ ఆమ్లపు మాత్ర కూడ నిత్తురు. ఏలయన ఆ మందు ఫోలిక్ ఆమ్లమును ప్రేగు గ్రహింపకుండ చేయును. 1945 ప్రాంతముల లెడర్లే పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనయు యౌవనమున స్ప్రూ అను ప్రేగువ్యాధిచే బాధపడినవాడే.

పెద్దప్రేగు చాలవరకు వ్యాధిగ్రస్తమైనవారు, లక్షణములు మొదలైన 8 ఏండ్ల నుండి, వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకొనుచుండవలెను. వారికి క్యాన్సరు భయము హెచ్చు. ఈ వ్యాధిగల కన్యకు వివాహము తగదనుట సరికాదు. వ్యాధి అణగియున్నపుడు గర్భము ధరించుట శ్రేయము. మెసలమిన్ గర్భకాలమున సాధారణముగ కొనసాగింపవచ్చును. మెథోట్రెక్సేట్‌ను మాత్రము గర్భధారణకు కొన్ని నెలల ముందే, వైద్యుని సలహాతో మానవలెను.