నేవీకి వెళ్తారా? ఐదో ఏడాది లెక్క ముందే వేసుకోండి

తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న విశాఖలో కుర్రాళ్లకు నేవీ కొలువంటే మోజు ఎక్కువే. అయితే ఆ కొలువు తీరు ఇప్పుడు మారింది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని మోదీ త్రివిధ దళాల సమన్వయానికి సీడీఎస్ పదవిని ప్రకటించారు. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ ఆ బాధ్యత చేపట్టారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది.

దాని లెక్క చూడండి. సర్వీసు నాలుగేళ్లే. మొదటి ఏడాది నెలకు 30 వేలు. అందులో 9 వేలు సేవానిధికి పోగా చేతికొచ్చేది 21 వేలు. ప్రభుత్వమూ నిధికి అంతే కలుపుతుంది. చివర్లో వడ్డీతో సుమారు 11.71 లక్షలు అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. రెగ్యులర్ సర్వీసుకు తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. మిగతావాళ్లు పాతికేళ్ల వయసుకల్లా మళ్లీ ఉద్యోగ వేటలో పడాల్సిందే.

మరి దారేది? ఇంటర్‌తోనే చేరితే సర్వీసులో ఉండగానే ఇగ్నో డిగ్రీ పూర్తిచేయండి. డిగ్రీ ఉంటే యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెట్టే సీడీఎస్ పరీక్ష రాయండి, నెగ్గితే అధికారి హోదా. నేవల్ అకాడమీకి మాత్రం ఇంజినీరింగ్ ఉండాలి. ఐటీఐ వాళ్లు నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ నోటిఫికేషన్‌పై కన్నేయండి.

యూనిఫాం గౌరవమే, కాదనలేం. ఐదో ఏడాది ఏం చేస్తారో ఇంట్లోవాళ్లతో కూర్చుని కాగితం మీద రాసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.