నెట్ దారిలో సుంకం పెడితే

రామనగర మార్కెట్లో గూళ్ళ ధర ఫోన్లోనే చూస్తాం. పురుక్కి జబ్బనిపిస్తే వీడియో పంపి అడుగుతాం. ఏ యాప్ తెరిచినా డేటా రేటు ఒకటే, ఫలానా యాప్ అని వేగం తగ్గించరు. నెట్ న్యూట్రాలిటీ అంటే ఇదే.

అమెరికాలో 2017 డిసెంబరులో ఈ నియమాన్ని తీసేశారు. 2024లో మళ్ళీ పెడితే, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియా మాత్రం సొంత చట్టం పెట్టుకుంది. నియమం లేకుంటే నెట్ ఇచ్చే కంపెనీ డబ్బు కట్టిన సైటుని ముందు పంపి, మిగతావాటిని నిదానం చెయ్యొచ్చు. పెద్ద కంపెనీ కట్టేసి ఆ ఖర్చు చందాలో మనమీదే వేస్తుంది. కొత్తగా యాప్ పెట్టే చిన్నవాడు ఎక్కడ తెచ్చి కడతాడు?

మనదేశంలో ఒక్కో సైటుకి ఒక్కో రేటు కూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ చెప్పింది. ఫేస్‌బుక్ వాళ్ళ ఫ్రీ బేసిక్స్ దాంతోనే ఆగింది. ఊరికే ఇస్తుంటే ఎందుకు వద్దన్నారని అప్పుడు నేనూ అనుకున్నా. ఏ సైట్లు ఊరికే రావాలో నిర్ణయించేది వాళ్ళే మరి. గూళ్ళ ధర అందులో ఉండేదో లేదో.