టర్బోచార్జరు ఆయిలు రిటర్ను పైపు

టర్బోచార్జరు బేరింగులకు కందెనగా పనిచేసిన ఇంజను ఆయిలును తిరిగి ఇంజను అడుగున ఉండే సంపునకు చేర్చే గొట్టాన్ని ఆయిలు రిటర్ను పైపు అంటారు. సంపును మెకానిక్కులు ఆయిలు చాంబరు అని కూడా పిలుస్తారు. పందెపు కార్లలో ఈ గొట్టాన్ని ఏ దారిన తీసుకుపోవాలన్నది ఇంజను మన్నికను నిర్ణయించే అంశాలలో ఒకటి. గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల రహదారులపై తిరిగే డీజిలు లారీలకు కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

నేపథ్యం

ఇంజను నుండి వెలువడే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుపై గల రెండవ చక్రంతో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపే సాధనమే టర్బోచార్జరు. దీనికి మూలమైన ఆల్ఫ్రెడ్ బుషీ పేటెంటు 1905 నాటిది. ఫార్ములా వన్ పందేలలో మొదటి టర్బో కారును రెనో సంస్థ 1977లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో దింపింది. తరచూ పొగలు కక్కి ఆగిపోయే ఆ కారును ప్రత్యర్థులు పసుపుపచ్చ టీ కెటిలని ఎగతాళి చేశారు. 1979లో అదే సంస్థ టర్బో కారుతో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ గెలిచింది. 1988 తరువాత నిషేధానికి గురైన టర్బోలు 2014లో తిరిగి వచ్చాయి. కావున 2011-2013 మధ్య గ్రేటర్ నోయిడాలో జరిగిన భారత గ్రాండ్ ప్రీలలో పరుగెత్తినవన్నీ టర్బో లేని కార్లే.

పనిచేసే తీరు

టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. సాధారణ రకాలలో అది పలుచని ఆయిలు పొరపై తేలుతూ ఉంటుంది. ఆయిలు పైనుండి పీడనంతో వస్తుంది కనుక 3-4 మిల్లీమీటర్ల సన్నని దారి చాలు. కిందికి దిగేటప్పటికి దానిలో పీడనం మిగలదు; పైగా గాలి కలిసి నురుగులా మారుతుంది. దానిని కదిలించేది భూమ్యాకర్షణ ఒక్కటే. అందుచేత రిటర్ను పైపు లోపలి వ్యాసం 12 నుండి 19 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది.

కృష్ణా డెల్టా వాసులకు ఇది తెలియని విషయం కాదు. దివిసీమలో చేలలోని నీరు మురుగు కాలువల గుండా వాలును బట్టే సముద్రం వైపు పోవాలి. కాలువ మొగ వద్ద పోటు నీరు ఎదురుతన్నితే, చేనులో లోపమేమీ లేకున్నా నీరు నిలిచిపోతుంది. రిటర్ను పైపు కొస సంపులోని ఆయిలు మట్టానికి దిగువన ఉంటే జరిగేదీ అదే.

అలా నిలిచిన ఆయిలు ఇరుసు కొసలలోని రింగులను దాటుతుంది. ఈ రింగులు రబ్బరు సీళ్ళ వంటివి కావు. నిండిన ఆయిలును ఆపడం వాటి పని కాదు. ఒక వైపు కారినది గాలితో పాటు సిలిండర్లలోకి, రెండవ వైపు కారినది పొగగొట్టంలోకి పోతుంది. నీలిరంగు పొగ దీని గుర్తు. పిస్టను రింగులు అరిగినా, బ్రీదరు మూసుకుపోయినా, ఇంజను లోపల పెరిగిన వాయుపీడనం కూడా రిటర్నును వెనక్కు నెడుతుంది.

పందెపు కార్లలో అమరిక

టర్బో అడుగున ఉన్న ఆయిలు ద్వారం నిట్టనిలువు గీతకు 35 డిగ్రీలకు మించి ఒరగరాదని తయారీదారుల సూచన. పైపుకు మొదటి నుండి చివరి వరకు వాటం ఉండాలి. మధ్యలో పల్లం ఏర్పడితే అక్కడ ఆయిలు నిలుస్తుంది. పైపు కొసను క్రాంకుషాఫ్టు చిమ్మే ఆయిలు తగలని చోట కలపాలి.

పందెపు కారుకు మరొక చిక్కు ఉంది. మలుపులో పక్కకు కలిగే త్వరణం భూమ్యాకర్షణతో సమానమైతే సంపులోని ఆయిలు మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. కారు నిలిచి ఉన్నప్పుడు మట్టానికి పైన ఉన్న కొస మలుపులో మునిగిపోవచ్చు. డ్రై సంపు ఇంజన్లలో ఆయిలును పీల్చి వేరే ట్యాంకుకు పంపే స్కావెంజ్ పంపు ఉంటుంది కనుక ఈ బెడద తక్కువ. టర్బోను సంపు కంటే కిందికి దించక తప్పనప్పుడు దానికి ప్రత్యేకంగా ఒక పంపు పెడతారు. అయితే ఆ పంపు ఆగిన క్షణం నుండే టర్బో నిండడం మొదలవుతుంది.

ఎర్రగా కాలే టర్బైను పక్కనే ఈ పైపు పోతుంది. దానిపై ఆయిలు కారితే మంట లేస్తుంది. కాబట్టి ఉక్కు పైపు గానీ, ఉక్కు అల్లిక గల గొట్టం గానీ వాడి, పైన వేడిని తట్టుకునే తొడుగు వేస్తారు.

లారీలలో

నీలిపొగ కనిపించగానే టర్బో పోయిందని తీర్మానించి కొత్తది బిగించడం పరిపాటి. లోపం రిటర్ను పైపులో ఉంటే కొత్త టర్బో కూడా పొగ వదులుతుంది. యజమానికి వేలాది రూపాయలు దండుగ. దూరం నుండి సరుకుతో వచ్చి వెంటనే ఇంజను ఆపితే వేడికి ఆయిలు మాడి పైపులో మసిగా గడ్డకడుతుంది. ప్యాకింగు వద్ద పూసిన గమ్ము లోపలికి పొడుచుకువచ్చి దారి మూయడమూ కద్దు. టర్బో విప్పకముందే పైపును, బ్రీదరును చూడడం మంచిది.

డీజిలు ఇంజనులో దీనికి మించిన ప్రమాదం ఉన్నది. గాలి మార్గంలోకి కారిన ఆయిలే ఇంధనమై, తాళం చెవి తిప్పి డీజిలు ఆపినా ఇంజను అదుపు లేకుండా వేగం పుంజుకుంటుంది. అప్పుడు గాలి వచ్చే దారిని గట్టి పలకతో మూయాలి, చేతిని అడ్డుపెట్టరాదు. అది వీలుకాకపోతే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి, క్లచ్చి వదిలి ఇంజనును ఆపవలసి ఉంటుంది.