తీగలపై నిలిచిన రెక్కలు

నా వ్రాతబల్లపై అద్దపు పెట్టెలో ఒక జంటరెక్కల విమానపు నమూనా ఉన్నది. రెక్కల కొసనుండి కొసకు కొలిచినచో అది జానెడైనను లేదు. చూడవచ్చినవారు మొదట దాని రంగును మెచ్చుకొందురు. పిదప ముక్కుపై ప్రక్కప్రక్కన బిగించిన రెండు తుపాకులను చూచి ముచ్చటపడుదురు. కాని పై రెక్కకును క్రింది రెక్కకును నడుమ ఐమూలగా సాగియున్న సన్నని తీగలను, అవి యేవో అలంకారములనుకొని కాబోలు, ఎవరును పట్టించుకొనరు. పొరుగింటి బాలుడొక్కడు మాత్రము ఒకనాడు చాలసేపు తేరిపార చూచి, "తాతగారూ, ఈ దారాలెందుకు? తీసేస్తే ఎగరదా?" అని అడిగెను. వాని ప్రశ్న సామాన్యమైనది కాదు. ఆనాటి విమానశాస్త్రమంతయు ఆ దారములలోనే యున్నది.

గాలిలో ఎగురు యంత్రములను మొదట నిర్మించినవారు పలుచని రెక్కయే మేలని తలచిరి. కొయ్యబద్దలతోను నారబట్టతోను చేసిన పలుచని పొడవాటి రెక్క, ఒక కొసను మాత్రమే మొండెమునకు అతికియుండి, రెండవ కొసను గాలి పైకెత్తుచుండగా, వంగక విరగక నిలుచుట దుర్లభము. ఈ చిక్కును విడదీసిన ఉపాయము ఆకాశమునుండి గాక నదిమీది వంతెననుండి వచ్చినది. పారిస్ నగరమున 1832లో జన్మించి, బాల్యముననే అమెరికా చేరి, రైలుమార్గములకు వంతెనలు కట్టి పేరొందిన ఆక్టేవ్ చెనూట్ అను ఇంజనీరు, తన అరువదినాలుగవ యేట, అనగా 1896లో, మిషిగన్ సరస్సు తీరమునందలి ఇసుకతిన్నెలపై ఎగిరించిన గ్లైడరునకు రెండు రెక్కలను ఒకదానిపై నొకటి నిలిపి, నడుమ నిట్రాళ్ళు నాటి, మూలనుండి మూలకు తీగలు బిగించెను. అది వంతెన దూలమును కట్టు పద్ధతియే. రైట్ సోదరులు ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరి. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానమునకును ఇట్టి కట్టుబాటే ఆధారము.

ఇందలి సూత్రము నాలుగు వెదురుపుల్లలతో ఎవరైనను పరీక్షింపవచ్చును. పుల్లలను చదరముగా పేర్చి మూలలయందు దారముతో కట్టి ఒక ప్రక్కకు నెట్టినచో, ఆ చదరము క్షణములో ఒరిగిపోవును. ఒక మూలనుండి ఎదుటి మూలకు దారము బిగించినచో, ఆ వైపునకు ఒరగుట ఆగిపోవును. కాని రెండవ వైపునకు నెట్టగానే దారము వదులై చదరము మరల కూలును. ఏలయన, దారము లాగగలదు గాని త్రోయజాలదు. కావున రెండవ ఐమూలకును మరియొక దారము కావలెను. విమానమునందును ఇంతే. గాలిలో రెక్కలు పైకి లేచుటకు ప్రయత్నించునపుడు మొండెము అడుగునుండి పై రెక్క కొసవైపునకు పోవు తీగలు బిగియును. నేలపై దిగినపుడు రెక్కల బరువు క్రిందికి లాగగా వానికి ఎదురుదిశలో సాగు తీగలు బిగియును. ఒకటి పనిచేయునపుడు రెండవది విశ్రమించును.

నా బల్లపైనున్నది బ్రిటిషువారి సాప్‌విత్ కామెల్. హెర్బర్ట్ స్మిత్ రూపకల్పన చేయగా 1916 డిసెంబరులో ఇది మొదటిసారి ఎగిరెను. తుపాకుల వెనుకభాగములపై కప్పిన రేకు ఒంటె మూపువలె ఉబ్బియుండుటచే దీనికి ఆ పేరు వచ్చినది. అయిదువేలకు పైగా నిర్మింపబడిన ఈ విమానము మొదటి ప్రపంచ యుద్ధమున శత్రువిమానములను 1,294 కూల్చినదని లెక్కలు చెప్పుచున్నవి. భారతీయుడైన హర్దిత్ సింగ్ మలిక్, 1917లో తలపాగా విడువకయే, 28వ స్క్వాడ్రనుతో పశ్చిమ రణరంగమున ఈ విమానమునే నడపెను. అయితే ఇది నడపువానికి లొంగి యుండు వాహనము కాదు. నేర్చుకొనుచుండగనే ప్రాణములు కోల్పోయిన యువకులు పెక్కుమంది.

అందుకు కారణము దాని ఇంజను. రోటరీ ఇంజనులో ఇరుసు విమానమునకు బిగింపబడి కదలక యుండును. తొమ్మిది సిలిండర్లును పంకాతో కలసి గిరగిర తిరుగుచుండును. అంత బరువైన లోహరాశి తిరుగుచుండుటచే విమానపు ముక్కు ఒక పెద్ద బొంగరమైనది. తిరుగుచున్న బొంగరమును ఒక వైపునకు నెట్టినచో అది ఆ వైపునకు గాక దానికి లంబముగా ఒరగుననుట పిల్లలెరిగిన సంగతియే. కామెల్‌ను కుడివైపునకు త్రిప్పినచో ముక్కు క్రిందికి దిగును; ఎడమవైపునకు త్రిప్పినచో పైకి లేచును. ఇక ఆ ఇంజనునకు వాడిన కందెన మన ఆముదము. పెట్రోలు ఆవిరి ఇంజను గర్భముగుండనే ప్రవహించును గనుక, పెట్రోలులో సులభముగా కరుగని నూనె కావలసివచ్చినది. ఆముదమునకు ఆ గుణమున్నది. వాడిన నూనె మరల తొట్టెకు చేరదు. పొగతో కలసి బయటికి చిమ్ముచు, విమానపు పొట్టను తడిపి, నడపువాని ముక్కునకును నోటికిని సోకుచుండెను. ఆముదము త్రాగిన మొగము అను మన పలుకుబడి ఆ యువకుల విషయమున అక్షరాల నిజమైనది. నమూనాకు రంగులు వేయువాడు పొట్టక్రింద పలుచని గోధుమవర్ణపు మరకను తీర్చునపుడు ఈ కథ యెరిగియుండవలెను. లేనిచో ఆ మరక వట్టి మురికిగానే మిగులును.

ఇక ప్రమాణము మాట. 1/72 ప్రమాణమున ఆరడుగుల మనిషి అంగుళమంత యగును. 1/48లో అంగుళమున్నర యగును. నేను చేసినది రెండవది. అసలు కామెల్ రెక్కల నిడివి 28 అడుగులు. నమూనాలో అది 17.8 సెం.మీ. పొడవు 48 వ వంతు అయినచో వైశాల్యము 2,304 వ వంతును, ఘనపరిమాణము 1,10,592 వ వంతును అగును. ఇంధనముతోను మనిషితోను కలిపి దాదాపు 659 కిలోలు తూగు విమానము, అన్ని విషయములలోను సమానముగా కుదించినచో, ఆరు గ్రాములు మాత్రమే తూగవలెను. గట్టి ప్లాస్టిక్‌తో పోత పోసిన మన నమూనాలో రెక్కలే అంతకు మించి తూగును. ఆకారమును కుదింపవచ్చును గాని ప్రకృతి ధర్మములను అదే లెక్కన కుదింపలేము.

ఈ మాట రంగు విషయమున మరింత స్పష్టమగును. కుంచెతో గాని ఎయిర్‌బ్రష్‌తో గాని వేసిన రంగు పొర 25 మైక్రానుల మందముండినదనుకొందము. తలవెంట్రుక మందములో అది మూడవ వంతు. కాని దానిని 48 రెట్లు పెంచిచూచినచో 1.2 మి.మీ. అగును, అనగా విమానమునకు గోడసున్నమంత మందమున రంగు పూసినట్లు. బట్టక్రింద లేచియుండు సన్నని బద్దల గుర్తులు అట్టి పూతక్రింద పూడిపోవును. అందుచే రంగును పాలవలె పలుచన చేసి, పొర ఆరిన పిమ్మట పొరగా, మూడు నాలుగు మారులు వేయవలెను. తొందరపడువారికి ఈ విద్య అబ్బదు.

ఏ రంగు వేయవలెననునది మరియొక ప్రశ్న. నేను రెండు వారములు తర్జనభర్జన పడినది దీనికే. కామెల్ పైభాగమునకు వాడిన పూతను పి.సి.10 అనిరి. నారబట్టను సూర్యకిరణములు శిథిలము చేయును గనుక, వానిని అడ్డుటకు ఇనుపభస్మపు పచ్చమట్టిరంగును, దీపపు మసిని సెల్యులోజు జిగురులో కలిపి చేసిన పూత యది. పసుపులో నలుపు చేరినచో కంటికి ఆకుపచ్చఛాయ తోచును. క్రొత్తదానిని చూచినవారు ఆలివ్ పచ్చ అనియు, ఎండకు మాగినదానిని చూచినవారు చాక్లెట్ గోధుమ అనియు వాదించుచు వచ్చిరి. నా తీర్పు ఇది: ఇరువురును సత్యమే చెప్పిరి. మసి పాలు, జిగురు వయస్సు, పైపూసిన వార్నిషు, చిమ్మిన ఆముదము, ఇవన్నియు మారుచుండగా ఒకే ఛాయను వెదకుట వృథా. అడుగుభాగమునకు రంగు లేదు. వార్నిషు వేసిన నారబట్ట మీగడ వర్ణమున నుండి, వెలుతురు వెనుకనుండి పడినపుడు లోపలి బద్దల నీడలు దానిలో కనబడుచుండెను.

ఆ జిగురు చరిత్రలో ఒక దుఃఖకరమైన ఘట్టమున్నది. అది బట్టను డప్పుచర్మమువలె బిగించును. బిగియని బట్ట గాలిలో ఆకారము నిలువదు. తొలినాళ్ళలో దానిని కరగించుటకు టెట్రాక్లోరోఈథేన్ అను ద్రవమును వాడిరి. దాని ఆవిరి కాలేయమును చెరచును. గాలి చొరని కొట్టములలో రెక్కలకు పూత వేసిన కార్మికులు, వారిలో స్త్రీలును ఉండిరి, కామెర్లతో మంచము పట్టిరి; కొందరు మరణించిరి. పిదప ఆ ద్రవమును మానిరి. కుంచె పట్టినపుడెల్ల నాకు ఆ చేతులు తలపునకు వచ్చును.

ప్రమాణము చిన్నదైనకొలది రంగును తెలుపుతో కలిపి లేతపరుపవలెనని నమూనాకారులు చెప్పుదురు. దూరపు వస్తువు మసకగా కనబడును గదా అని వారి వాదము. ఈ నమూనాను అరమీటరు దూరమునుండి చూచుట అసలు విమానమును 24 మీటర్ల దూరమునుండి చూచుటతో సమానము. అంతమాత్రపు గాలి ఏ రంగును మసకపరుపదు. కాని లేతపరుపవలెననుట మాత్రము సరియే, కారణము వేరు. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వెలుగు. గదిలో దీపము ఇచ్చునది కొన్ని వందలు. ముదురురంగు ఆ దీపమున మరింత నల్లబడి తోచును.

కట్టుటలో కఠినమైనది పై రెక్కను నిలుపుట. తయారీ సులువగుటకై కామెల్ పై రెక్కను చదునుగా ఉంచి, క్రింది రెక్క కొసలను మాత్రము పైకెత్తిరి. కనుక రెంటి నడుమ ఎడము కొసలకు పోవుకొలది తగ్గును. మొండెమును, క్రింది రెక్కను అతికిన తరువాత రంగు పని ముగించి, నిట్రాళ్ళను ఒక్కొక్కటిగా నిలిపి, జిగురు పూర్తిగా గట్టిపడువరకు అట్టముక్కల మధ్య కదలకుండ ఉంచవలెను. ఆ జిగురు అతుకుట వింతగా నుండును. అది ప్లాస్టిక్ అంచులనే కరగించి, రెంటిని ఒకటిగా కలిపి, తాను ఆవిరియగును.

పిదప తీగలు. భాగములను పట్టియుంచు ప్లాస్టిక్ కాడను క్రొవ్వొత్తి సెగపై మెత్తబరచి రెండు చేతులతో లాగినచో పాకమువలె సాగి, వెంట్రుకవంటి దారమగును. 6 మి.మీ. వెడల్పుగల తీగ ఈ ప్రమాణమున 0.125 మి.మీ. ఉండవలెను, లాగు వేగమును బట్టి ఆ సన్నదనము కుదురును. దానిని కొలతకు కోసి, రెండు కొసలను జిగురుతో నిలిపినపుడు కొంచెము వదులుగనే యుండును. అపుడు వెలిగించిన అగరువత్తిని దారమునకు చేరువగా పోనిచ్చినచో, కన్నుమూసి తెరచునంతలో అది వీణతంత్రివలె బిగియును. లాగినపుడు సాగి బారులు తీరి, చల్లబడి అట్లే నిలిచిపోయిన అణుమాలలు, వేడి సోకగానే తమ సహజమైన ముడుతకు మరలుటయే దీనికి కారణము.

మరియొక నమూనాకు తీగలు పెట్టకముందు ఆ బాలుని వ్రేలు పట్టి రెక్కకొస అడుగున, పైకెత్తునట్లుగా, మెల్లగా ఆనించితిని, రెక్క వణకినది. మొండెమునుండి పై రెక్కకు సాగవలసిన తీగలకు మాత్రము బలమైన నైలాను దారము నెంచుకొని, నాలుగింటిని బిగించిన మరునాడు మరల ఆనించితిని. రెక్క కదలలేదు. వాడు ఏమియు అనలేదు. రెండవ వైపు రెక్కను తానే ముట్టి చూచుకొనెను.

అసలు కామెల్‌లలో ఒకటి లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియమునందు నేటికిని ఉన్నది. 1918 ఆగస్టు 11న ఎల్ 53 అను జర్మను జెప్పెలిన్‌ను కూల్చినది అదియే. అటు పోవు తెలుగువారు దాని తుపాకులకంటె ముందు తీగలను చూతురు గాక. ఇంటివద్ద నమూనా చేయదలచినవారు మొదటిసారి కామెల్‌వలె ఒక్కొక్క వైపున ఒకే జత నిట్రాళ్ళుగల విమానమునే ఎన్నుకొనుడు. జిగురు వాడునపుడు కిటికీ తెరచి యుంచుడు. అగరువత్తిని దారమునకు అరంగుళముకంటె దగ్గరగా చేర్చకుడు, తెగిపోవును.