తప్పు అక్షరానిది కాదు

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లున్న వాళ్లను ఓ చిన్న మెసేజి హడలెత్తించింది. అందులో ఉన్నదల్లా ఒకే ఒక్క తెలుగు అక్షరం, ‘జ్ఞా’. అది తెర మీదకు రావడం ఆలస్యం, వాట్సాప్, జీమెయిల్, మెసెంజర్ వంటి యాప్‌లు టక్కున మూతపడేవి. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే అక్షరం, మళ్లీ అదే తంతు. ఆకతాయిలు దాన్ని పనిగట్టుకుని పంపించారు. నేరమంతా తెలుగు లిపిదే అన్నట్టు దేశదేశాల్లో వార్తలు వచ్చాయి.

నిజానికి మనం రోజూ టైపు చేసే ‘జ్ఞానం’ ఏ ఫోన్‌కూ హాని చేయలేదు.

కంటికి ఒక్కటిగా కనిపించే ‘జ్ఞా’ ఫోన్ లోపల నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, చివర దీర్ఘం. అక్షరాలను గీసే ప్రోగ్రాం ఞను ఒత్తుగా మార్చాలి. చివర వచ్చిన దీర్ఘాన్ని ఒత్తుకు కాకుండా, వెనక్కి తీసుకెళ్లి జకు తగిలించాలి. బళ్లో పిల్లలు పలక మీద అలవోకగా చేసే పనే ఇది.

ఆ మెసేజిలో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఐదో ముక్క ఒకటి దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట ఒత్తుకు తోడుగా వ కూడా ఒత్తుగా పడకుండా ఆపేది ఇదే. తెలుగులో టైపు చేసేవాళ్లకు నిత్యం అవసరమైన పనిముట్టు. అది ఎదురుచూడని చోట తగిలేసరికి ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ ప్రోగ్రాం మెమరీలో తికమకపడి కుప్పకూలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆ లోపాన్ని సరిచేశారు. మ్యాక్‌కు, వాచీకి కూడా అదే రోజు మరమ్మతు వచ్చింది.

ఇదొక్కటే అయితే పొరపాటని వదిలేయవచ్చు. 2015లో అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజి, 2020లో సింధీ అక్షరాలతో కలిసిన ఇటలీ జెండా బొమ్మ ఐఫోన్లను ఇలాగే ఇబ్బంది పెట్టాయి. లిపి మారినా లోపం ఒక్కటే: ఇంగ్లీషు అక్షరాలను పరీక్షించినంత శ్రద్ధగా మిగతా లిపులను పరీక్షించడం లేదు. కోట్ల మంది రోజూ చదివి రాసే లిపికి ఇది అన్యాయం.

ఆ శ్రద్ధ ఆపిల్ దగ్గరే కాదు, హైదరాబాద్‌లో యాప్ రాసే ప్రోగ్రామర్ దగ్గరా కనపడాలి. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో పట్టేది 70 ముక్కలే. ‘శ్రీలక్ష్మి’ అన్న పేరే తీసుకోండి. మనకు మూడక్షరాలు, కంప్యూటర్ లెక్కలో పదకొండు. పేరు గడికి పది దాటకూడదని ఎవరో హద్దు పెడితే చివరి గుడి తెగిపోతుంది. అప్పుడు ఆమె ‘శ్రీలక్ష్మ’ అవుతుంది.